వెతుకులాట సులువే... గుట్టు సంగతేమిటి?

ఎప్పుడో దాచిన కాగితం కోసం బీరువా అంతా తలకిందులు చేసే అవస్థ కంప్యూటర్లో లేదు. ఒక్క మాట కొడితే చాలు, ఆ మాట ఉన్న ఉత్తరాలూ, లెక్కలూ రెప్పపాటులో వరసకట్టేస్తాయి. రోజుకు ఎనిమిది గంటలు ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే నాలాంటివాళ్లకి ఇది వరమే, కాదనను. కానీ ఆ వరం మనకొక్కరికే దక్కలేదుగా!

మా సెక్షన్లో అందరికీ కలిపి ఒకటే షేర్డ్ ఫోల్డర్. ఓసారి ఒకాయన బిల్లు ఫారం కోసం ‘మెడికల్’ అని కొట్టారు. ఫారంతో పాటు మా తోటి ఉద్యోగిని సెలవు చీటీ, డాక్టరు కాగితం కూడా తెర మీదికొచ్చాయి. ఫైలు పేరులో ఆ మాట ఉంది మరి! మూడో నెలని ఆ అమ్మాయి అత్తగారింట్లో కూడా ఇంకా చెప్పలేదు. సాయంత్రానికి క్యాంటీన్లో ‘స్వీట్లెప్పుడమ్మా?’ అని అడిగేవాళ్లే అందరూ. పాపం, నవ్వలేక ఏడవలేక నిలబడిపోయింది.

ఇందులో ఎవరూ తాళం పగలగొట్టలేదు. ఫోల్డర్లో ఫోల్డరు, దాని లోపల ఇంకో ఫోల్డరు... అక్కడిదాకా ఎవరొస్తారులే అన్న ధీమాతో పెట్టిన కాగితమది. ఇన్నాళ్లూ దొరకకపోవడమే దానికి కాపలా. వెతికే సాఫ్ట్‌వేర్ వచ్చి ఆ కాపలాని తీసేసింది.

అదెలా పనిచేస్తుందంటారా? పెద్ద పుస్తకాల చివర పదసూచిక ఉంటుంది చూడండి, అలాంటిదే. మనం పని చేయనప్పుడు ఈ సాఫ్ట్‌వేర్ ఫైళ్లన్నీ చదివి, ఏ మాట ఎక్కడుందో రాసిపెట్టుకుంటుంది. 2004 అక్టోబరులో వచ్చిన గూగుల్ డెస్క్‌టాప్ అయితే ఫైళ్ల నకళ్లు కూడా దాచుకునేది. మనం చెరిపేసినా నకలు మిగిలేది! 2006 ఫిబ్రవరిలో ఇంకో అడుగు ముందుకేసింది. ఒక కంప్యూటర్లోని ఫైళ్లను ఇంకో కంప్యూటర్ నుంచి వెతుక్కునే వీలు కల్పించింది. ఎవరైనా దాన్ని ఎంచుకుంటే వాళ్ల ఫైళ్ల నకళ్లు గూగుల్ సర్వర్లకు చేరి, 30 రోజుల వరకూ అక్కడుండేవి. దాన్ని వాడొద్దని అమెరికాలో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అప్పుడే హెచ్చరించింది. ఆఫీసులో ఒక్కరు సరదాపడి వేసుకున్నా, ఆఫీసు కాగితాలు గడప దాటినట్టేగా! 2011లో గూగుల్ దాన్ని ఆపేసింది.

ఆపేసినా ఆ పద్ధతి పోలేదు. విండోస్‌లోనే వెతికే ఏర్పాటు ఉంది. మైక్రోసాఫ్ట్ 2024లో ప్రకటించిన ‘రీకాల్’ మరీ విడ్డూరం. కొన్ని సెకన్లకోసారి మన తెరను ఫొటో తీసి దాచుకుంటుందట! గొడవయ్యాక వాయిదా వేసి, మనం కావాలంటేనే పనిచేసేలా మార్చి 2025లో విడుదల చేశారు.

నాకు అన్నిటికన్నా భయమేసేది ఫిర్యాదుల గురించి. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం, 16వ సెక్షన్లో, బాధితురాలి పేరూ, ఫిర్యాదులోని సంగతులూ, విచారణ వివరాలూ బయటికి పొక్కకూడదని చెబుతోంది. ఆ ఫిర్యాదును టైపు చేసి అందరి ఫోల్డర్లో పడేస్తే? ఆమె పేరు కొట్టిన ప్రతివాళ్లకీ దొరుకుతుంది. మీ ఆఫీసు అంతర్గత కమిటీ కాగితాలు ఎక్కడ దాస్తోందో అడగండి. అడగడానికి మొహమాటం ఎందుకండీ?

మీ కంప్యూటర్లో కంట్రోల్ ప్యానెల్‌కి వెళ్లి ‘ఇండెక్సింగ్ ఆప్షన్స్’ తెరిస్తే ఏయే ఫోల్డర్లు చదువుతోందో కనిపిస్తుంది. వద్దన్నవి తీసేయొచ్చు. అయితే అది మీ కంప్యూటర్ వరకే. షేర్డ్ ఫోల్డర్ని ఎవరెవరు తెరవొచ్చో నిర్ణయించేది సిస్టమ్స్ చూసే అబ్బాయి. అతణ్ణి పట్టుకుని, జీతాలు, సెలవులు, ఫిర్యాదుల ఫోల్డర్లు సంబంధించినవాళ్లకి తప్ప తెరుచుకోకుండా చేయించాలి. ఒకే పేరుతో ఇద్దరు ముగ్గురు లాగిన్ అయ్యే కంప్యూటర్ ఉంటే, ఎవరి పేరు వాళ్లకి విడిగా ఇవ్వమనండి. కొత్త ఉద్యోగానికి రాసుకున్న దరఖాస్తు, బ్యాంకు కాగితం లాంటివి అసలు ఆఫీసు కంప్యూటర్లో పెట్టకపోవడమే మేలు.

తప్పనిసరై పెట్టాల్సి వస్తే వర్డ్ ఫైలుకి పాస్‌వర్డ్ వేయొచ్చు. లోపలి మాటలు వెతికినా దొరకవు. ఫైలు పేరు మాత్రం కనిపిస్తూనే ఉంటుంది. ‘స్కానింగ్ రిపోర్టు’ అని పేరు పెట్టి తాళం వేస్తే ఏం లాభం? ఏ తేదీయో, నంబరో పెట్టుకోండి.