బరువులు ఎత్తడం: మేలెంత? ప్రమాదమెంత?

పదహారేళ్ళ అబ్బాయి జిమ్‌కు వెళతానంటే "ఎత్తు పెరగవు, నడుం పట్టేస్తుంది" అని ఆపుతాం. డెబ్భై ఏళ్ళ అమ్మమ్మ నీళ్ళ బిందె ముట్టుకుంటే "నువ్వు కూర్చో" అంటాం. రెండూ ప్రేమతో అనే మాటలే. కానీ పని లేని కండరం క్రమంగా కరిగిపోతుందని మనం గుర్తుంచుకోవాలి.

కండబలం ఎందుకు?

30 ఏళ్ళు దాటాక ప్రతి పదేళ్ళకు కండరాలు సుమారు 3 నుండి 8 శాతం తగ్గుతాయి. 60 దాటితే మరింత వేగంగా తగ్గుతాయి. పెద్దవారు బాత్‌రూములో పడి తుంటి ఎముక విరగ్గొట్టుకోవడానికి కాళ్ళలో బలం లేకపోవడం ఒక ముఖ్య కారణం. బరువులతో వ్యాయామం చేస్తే కండరాలు, ఎముకలు గట్టిపడతాయి. కండరం రక్తంలోని చక్కెరను వాడుకుంటుంది కనుక షుగరు ఉన్నవారికీ మేలు. 1990లో ప్రచురించిన ఒక పరిశోధనలో, బోస్టన్‌లోని వృద్ధాశ్రమంలో 90 ఏళ్ళ వయసువారి చేత 8 వారాలు తొడ కండరాల వ్యాయామం చేయించారు. వారి బలం సగటున రెండింతలకు పైగా పెరిగింది.

దెబ్బలు ఎలా తగులుతాయి?

బరువు వల్ల కంటే తొందరపాటు వల్లే ఎక్కువ.

• నడుం వంచి ఎత్తితే నడుము కండరాలు, డిస్కులు దెబ్బతింటాయి. నిండు గ్యాస్ సిలిండరు దాదాపు 30 కిలోలు. దానినైనా మోకాళ్ళు వంచి, ఒంటికి దగ్గరగా పట్టుకుని, ఇద్దరు కలిసి ఎత్తాలి.
• ఊపిరి బిగబడితే బి.పి. ఒక్కసారిగా పెరుగుతుంది. ఎత్తేటప్పుడు ఊపిరి వదలండి, దించేటప్పుడు పీల్చండి.
• మొదటి రోజే అతిగా చేస్తే కండరాలు దెబ్బతిని, మూత్రం నల్లటి టీ రంగులో రావచ్చు. ఇది కిడ్నీలకు ప్రమాదం. వెంటనే ఆసుపత్రికి రావాలి.
• కండలు త్వరగా రావాలని స్టెరాయిడ్లు వాడితే గుండె, కాలేయం పాడవుతాయి.

శిక్షకుని పర్యవేక్షణలో, తగిన బరువులతో చేసే పిల్లలకు ఎత్తు ఆగిపోదు. పోటీపడి ఎత్తడమే ప్రమాదం.

ఎలా మొదలుపెట్టాలి?

పెద్దవారు కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం చాలు. తరువాత లీటరు నీళ్ళ సీసా, అంటే ఒక కిలో బరువు, చేతులతో ఎత్తవచ్చు. 12 సార్లు తేలికగా చేయగలిగాకే బరువు కొద్దిగా పెంచాలి. వారానికి 2 లేక 3 రోజులు, మధ్యలో ఒకరోజు విశ్రాంతి ఉండాలి. ఛాతీనొప్పి, కళ్ళు తిరగడం, కాలు తిమ్మిరెక్కడం ఉంటే ఆపి డాక్టరుకు చూపించాలి.

గుండెజబ్బు, అదుపులో లేని బి.పి., హెర్నియా, షుగరు వల్ల కంటిజబ్బు ఉన్నవారు, ఇటీవల ఆపరేషన్ అయినవారు ముందుగా డాక్టరును అడగాలి.

ఇంట్లో పెద్దవారు లేవబోతే వెంటనే చేయి పట్టి లేపకండి. పక్కనే నిలబడి, వారిని తమంతట తాము లేవనివ్వండి. అదే వారికి మొదటి వ్యాయామం.