నీరు ఇంకని మెట్ట నేల: సాయం చేసే ముందు మూడడుగుల లోతు చూద్దాం

మన సంస్థను ఆశ్రయించే కుటుంబాలలో కొన్నింటికి సొంత ఊళ్లో ఎకరమో రెండెకరాలో మెట్ట భూమి ఉంటుంది. ఆ భూమి మీద బతకలేకనే వారు నగరానికి వచ్చి ఉంటారు. వారు కోరే సాయం సాధారణంగా నాలుగు రకాలు: ఒక బోరు, కొన్ని ట్రాక్టర్ల చెరువు మట్టి, ఎరువుల బస్తాలు, లేదా గట్ల మీద నాటడానికి మొక్కలు. దాతలు ఇచ్చే ప్రతి రూపాయీ మా దగ్గర అమానతు. ఆ రూపాయి నేలలో పడి మొలకెత్తాలంటే ముందు ఆ నేల ఎలాంటిదో తెలియాలి. అందుకే ఈ సంచికలో ఒకే ఒక రకం నేల గురించి వివరంగా రాస్తున్నాం. అది ఎత్తులో ఉండి కూడా నీరు పోని నేల.

ఇలాంటి చేను వానాకాలంలో బురదై, పంట పసుపెక్కి కుంగిపోతుంది. వాన ముఖం చాటేసిన రెండు మూడు వారాలకే అదే చేను గట్టిపడి ఎండిపోతుంది. చెరువు కింది పొలంలో నీరు నిలిచిందంటే అర్థం ఉంది. ఏటవాలున ఉన్న మెట్టలో ఎందుకు నిలుస్తుంది? జవాబు పైన కనబడదు, కింది పొరలో ఉంటుంది.

తిరుమలగిరి నేల చెప్పే పాఠం

మన తిరుమలగిరి చుట్టుపక్కల కనిపించే గుండ్లు, గుట్టలు అన్నీ గ్రానైటు రాయి. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి ఈ రాయి ఎండకు, వానకు పగిలి, కుళ్లి, పొడియై మన నేల తయారైంది. ఇక్కడ ఇంటికి పునాది తవ్విన మేస్త్రీకి, సంపు తవ్విన కూలీకి, ఖబరస్తాన్‌లో గుంట తవ్వే వారికి నేల పొరల గురించి చెప్పనక్కరలేదు. నేల గట్టిగా నిలబడితే లహద్, జారిపోయే నేలైతే షఖ్ తవ్వాలని మన పెద్దలు చెప్పడంలోనే పొరల జ్ఞానం ఉంది.

కట్టడాలు లేని చోట ఒక గుంట తవ్వి పక్క గోడను చూస్తే మూడు పొరలు కనిపిస్తాయి. అన్నిటికంటే పైన జానెడు లోతున ఇసుక పాలు ఎక్కువగా ఉన్న ఎర్రమట్టి. దీన్నే మన రైతులు చెలక అంటారు. దాని కింద ముదురు ఎరుపులో జిగురైన బంకమట్టి పొర. అది ఒక చోట అడుగు మందం ఉంటే, మరో చోట మూడడుగులు ఉంటుంది. దాని కింద సగం కుళ్లిన రాయి, అంటే మొరం. మొరం దాటితే బండ. నేలల శాస్త్రంలో ఈ మూడు పొరలను వరసగా ఏ, బి, సి అని పిలుస్తారు.

రెండో పొర ఎక్కడి నుంచి వచ్చింది? మట్టిలో ఇసుక రేణువులు పెద్దవి. బంక రేణువులు మిల్లీమీటరులో 500వ వంతు కంటే సన్నవి. వాన నీరు మట్టి సందుల్లోంచి దిగేటప్పుడు ఈ సన్న రేణువులను వెంట తీసుకుపోయి కింద వదిలేస్తుంది. వేల ఏళ్లుగా ఇదే జరగడంతో పైన ఇసుక మిగిలింది, కింద బంక పేరుకుంది. ఆ బంక పెళ్లలను విరిచి చూస్తే మీద మైనం పూసినట్టు సన్నని మెరుపు కనిపిస్తుంది. నీటితో దిగివచ్చిన బంక పూత అది.

ఇసుక పాలు ఎక్కువున్న నేల గంటకు 20 నుంచి 30 మిల్లీమీటర్ల నీటిని తాగుతుంది. బంక నేల తాగేది 1 నుంచి 5 మిల్లీమీటర్లే. కాబట్టి జోరు వానలో పై పొర నీటిని త్వరగా మింగి కిందికి పంపుతుంది, కింది పొర దాన్ని అడ్డుకుంటుంది. ఆ నీరు రెండింటి మధ్య ఇరుక్కుంటుంది. పైకి చూస్తే చేను మామూలుగానే ఉంటుంది, కానీ వేర్లు నీళ్లలో నానుతుంటాయి. హైదరాబాద్ ప్రాంతంలో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడితే, అందులో దాదాపు మూడు వంతులు జూన్, సెప్టెంబరు మధ్యనే పడుతుంది. అదే పంట కాలం కావడం వల్ల దెబ్బ పెద్దది.

నల్లరేగడి తీరు వేరు

తెలంగాణలో చెలకలు సాధారణంగా ఎత్తున ఉంటాయి, వాలు తగ్గే కొద్దీ నల్లరేగడి వస్తుంది. సంగారెడ్డి, వికారాబాద్ జిల్లాల్లో విశాలమైన మెట్ట రేగళ్లు ఉన్నాయి. ఈ నేలల్లో తరచూ సగానికి పైగా బంకే. పైగా ఆ బంక నీరు తగిలితే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. అందుకే ఎండాకాలంలో కాలు దిగబడేంత నెర్రెలు పడతాయి. తొలకరి నీరు ఆ నెర్రెల్లోంచి సర్రున లోపలికి పోతుంది. మట్టి ఉబ్బి నెర్రెలు మూసుకున్నాక నీరు దిగే దారి దాదాపు ఆగిపోతుంది. లోతున తవ్వితే ఏటవాలుగా నున్నగా మెరిసే పలకలు కనిపిస్తాయి. ఉబ్బిన మట్టి ఒకదాని మీద ఒకటి ఒరుసుకున్న గుర్తులవి. చెలకలో ఒక పొరే అడ్డుపడితే, రేగడిలో నేలంతా అడ్డుపడుతుంది.

ఎండితే నాగలి దిగదు, తడిస్తే కాలు రాదు. దుక్కికి అదను దొరికేది కొద్ది రోజులే. అందుకే చాలా చోట్ల రైతులు వానాకాలమంతా రేగడిని బీడుగా వదిలి, యాసంగిలో నిలువ తేమ మీద జొన్నో శనగో వేసేవారు. అది సోమరితనం కాదు, నేల తీరు తెలిసిన జాగ్రత్త.

నిలిచిన నీరు వేరుకు ఏం చేస్తుంది?

వేరుకు నీరు ఎంత అవసరమో గాలీ అంతే అవసరం. మట్టి సందులు నీటితో నిండితే గాలికి చోటుండదు. ప్రాణవాయువు గాలిలో వ్యాపించినంత సులువుగా నీటిలో వ్యాపించదు. నీటిలో దాని వేగం దాదాపు పదివేల రెట్లు తక్కువ. అప్పుడు మట్టిలోని సూక్ష్మజీవులు నత్రజనిని విడగొట్టి గాలిలోకి వదిలేస్తాయి. రైతు వేసిన యూరియాలో కొంత భాగం ఇలా ఎగిరిపోతుంది. ఆకులు పసుపెక్కగానే ఎరువు చాలలేదని మరో బస్తా వేస్తారు, అది కూడా అదే దారి పడుతుంది. వరి వేళ్లలో గాలి దిగే గొట్టాలు ఉంటాయి గనుక అది నిలదొక్కుకుంటుంది. కంది, పెసర, మక్క, పత్తి అలా తట్టుకోలేవు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అంత పేరున్న పంట కూడా నీరు నిలిచిన మడిలో ఎండు తెగులుకో, వేరుకుళ్లుకో బలి కావచ్చు.

గుంట తవ్వితే తెలిసే గుర్తులు

2015లో మొదలైన భూసార కార్డు పథకం కింద నత్రజని, భాస్వరం, పొటాష్‌తో మొదలుపెట్టి 12 అంశాలు పరీక్షిస్తారు. చాలా ఉపయోగకరమైన పరీక్ష. అయితే దానికి మట్టి తీసేది పై 15 సెంటీమీటర్ల నుంచే. నీరు ఎక్కడ ఆగుతున్నదో ఆ కార్డులో ఉండదు. దానికి పలుగు, పార కావాలి. మూడడుగుల లోతు గుంట తవ్వి ఈ అయిదు విషయాలు చూడాలి.

ఒకటి, రంగు. నేలలోని ఇనుముకు గాలి తగిలితే ఎరుపు, గాలి అందకపోతే బూడిద రంగు. తుప్పు మరకలు, బూడిద మచ్చలు కలగలిసి కనిపిస్తే అక్కడ ఏటేటా నీరు నిలుస్తున్నట్టు. సీసపు గుండ్లలాంటి నల్లటి చిన్న గుళికలూ అదే సంగతి చెబుతాయి.

రెండు, వేర్లు. అవి నిటారుగా దిగి, ఒక లోతున ఠక్కున పక్కకు తిరిగాయంటే గట్టి పొర అక్కడే ఉంది. ఏళ్ల తరబడి ఒకే లోతున దున్నితే నాగలి కింద కూడా ఇలాంటి గట్టి పొర ఏర్పడుతుంది.

మూడు, జిగురు. ప్రతి పొర నుంచి కొంచెం మట్టి తీసుకుని, తడిపి, అరచేతుల మధ్య సన్నగా తాడులా చేసి ఉంగరంలా వంచాలి. విరగకుండా వంగితే బంక ఎక్కువ.

నాలుగు, నీటి పరీక్ష. గుంట అడుగున మరో అడుగు లోతు చిన్న గుంట తీసి నీరు నింపాలి. అది ఇంకాక మర్నాడు మళ్లీ నింపి గడియారం చూడాలి. గంటకు అంగుళం దిగితే భయం లేదు. అర అంగుళం కూడా దిగకపోతే ఆ నేలకు నీరు పోయే దారి మనమే చూపాలి.

అయిదు, వాలు అడుగున తెల్లటి పొర. పైనుంచి వచ్చిన నీరు అక్కడ ఆగి, ఆవిరై, ఉప్పు మిగిలిస్తే చౌడు పడుతుంది. మట్టి పరీక్షలో క్షారం ఎక్కువని తేలితే జిప్సం వేయవచ్చు. కానీ నీరు పోయే దారి లేకుండా జిప్సం ఒక్కటే పని చేయదు.

ఏ సాయం నిలుస్తుంది?

పైన నీళ్లు నిలుస్తున్నాయి గనుక బోరు తప్పక పడుతుందని అనుకోవడం సహజం. అయితే ఆ నీరు బంక పొర మీద ఆగిన నీరు. బోరుకు నీరిచ్చేది కింది మొరం, బండలోని చీలికలు. రెండింటికీ సంబంధం ఉండకపోవచ్చు. అలాంటి చేనుకు బోరు కంటే ముందు కాలువ కావాలి.

చెరువు మట్టి సంగతీ అంతే. మిషన్ కాకతీయ 2015లో మొదలయ్యాక ఎందరో రైతులు పూడిక మట్టిని చేలకు తోలుకున్నారు. నీరు నిలవని లోతైన చెలకకు, దుబ్బ నేలకు అది వరమే. కానీ జానెడు కిందనే బంక ఉన్న చేనుకు మళ్లీ బంక మట్టి తోలితే అడ్డు మరింత పెరుగుతుంది. ఆ నేలకు పశువుల ఎరువు, ఆకు ఎరువు మేలు. అవి మట్టిని గుల్లబరుస్తాయి.

దారి చూపే పని మన పొరుగునే జరిగింది. పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ ఆవరణలో ఎర్రనేల, రేగడి రెండూ ఉన్నాయి. అక్కడి శాస్త్రవేత్తలు రేగడి కోసం ఒక పద్ధతి తయారుచేశారు. మీటరు వెడల్పు ఎత్తు మడి, పక్కనే అర మీటరు కాలువ. కాలువకు 100 అడుగుల పొడవున సుమారు 5 నుంచి 10 అంగుళాల వాలు ఇస్తారు. ఎక్కువైన నీరు మెల్లగా జారి, గడ్డి పెంచిన పెద్ద కాలువలోకి, అక్కడి నుంచి కుంటలోకి చేరుతుంది. మడి మీద పంట వేరుకు గాలి అందుతుంది, కుంటలోని నీరు బెట్టలో తడికి పనికొస్తుంది. తొలకరికి ముందే పొడి దుక్కిలో విత్తడం, మేలైన విత్తనం, తగిన ఎరువు కూడా ఈ పద్ధతిలో భాగమే. 1976లో మొదలైన దీర్ఘకాల పరిశీలనలో ఇలా సాగు చేసిన చోట ఏడాదికి సగటున హెక్టారుకు 5 టన్నులకు దగ్గరగా గింజ పండింది. వానాకాలం బీడు పెట్టే పాత పద్ధతిలో వచ్చింది సుమారు ఒక టన్ను.

బంక పొర ఉన్న చెలకలోనూ సూత్రం ఒకటే: మిగులు నీటికి దారి, వేరుకు ఎత్తు. గట్టి పొరను లోతు దుక్కితో పగలగొట్టవచ్చు, కానీ అది మళ్లీ బిగుస్తుంది గనుక కాలువ తప్పదు. ఒక రైతు తన నీటిని పక్క చేనులోకి వదిలితే తగాదా వస్తుంది. అందుకే ఈ పని నలుగురు రైతులు కలిసి చేసుకుంటే నిలుస్తుంది.

మొక్కల సదఖా చేసేవారికీ ఒక మాట. బంకలో గుంట తీసి మొక్క పెడితే, వానలో ఆ గుంట నీళ్లు నిండిన కుండ అవుతుంది. అక్కడ వేప బతకడం కష్టం. కానుగ, నల్లతుమ్మ తట్టుకుంటాయి. ఏదైనా ఎత్తైన దిబ్బ మీద నాటడం మంచిది.

దాతలకు మా మనవి

ఉష్ర్ లెక్కలో మనం నీటి సంగతి అడుగుతాం. వాన మీద పండితే పదో వంతు, శ్రమపడి తోడి పోస్తే ఇరవయ్యో వంతు. నీరు ఎలా వచ్చిందో అడిగే మనం, అది ఎలా పోతుందో కూడా అడగడం అలవాటు చేసుకోవాలి. మీ చేత ఎవరైనా బోరుకు సాయం అడిగినా, ఊళ్లో ఉన్న భూమిని మంచి పనికి వక్ఫ్ చేయాలని మీరే అనుకున్నా, ముందు ఒక రోజు కూలి ఇచ్చి మూడడుగుల గుంట తవ్వించండి. తవ్వించేటప్పుడు ఆ రైతును పక్కన ఉంచుకోండి. ఏ మూలన నీరు ఎన్ని రోజులు నిలుస్తుందో అతనికి తెలుసు, ఎందుకు నిలుస్తుందో ఆ గుంట చూపిస్తుంది. ఎండలు ముదిరే లోపు తవ్విస్తే, తొలకరికి ముందే కాలువలు తీసుకునే వ్యవధి ఉంటుంది. ఇద్దరు మనుషుల ఒక పూట పనితో ఒక బోరు ఖర్చు మిగలవచ్చు. ఆ మిగిలిన డబ్బుతో ఇంకో ఇద్దరి చేలలో కాలువలు తీయవచ్చు.