టోపీల కౌంటర్ నుంచి గూఢచర్యంలోకి

లండన్‌లోని ఓ పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోరులో టోపీలమ్మే సోఫీ, ఆమె స్నేహితురాలు లిల్. దొంగల గుట్టు విప్పే ఈ ఇద్దరినీ పిల్లల రచయిత్రి కేథరిన్ వుడ్‌ఫైన్ 2015లో ‘ది మిస్టరీ ఆఫ్ ది క్లాక్‌వర్క్ స్పారో’ నవలతో పరిచయం చేశారు. 2018లో వచ్చిన ‘పెరిల్ ఇన్ పారిస్’లో వాళ్లు ఏకంగా ప్రభుత్వ గూఢచారులయ్యారు.

కథాకాలం 1911. పారిస్‌లో ఓ ప్రొఫెసర్ హత్య గురించి సోఫీ కూపీ లాగుతుంటే, లిల్ ఆర్నోవియా అనే కల్పిత రాజ్యంలో రాచబిడ్డలకు పాఠాలు చెప్పడానికి చేరుతుంది. యూరప్ యుద్ధం వైపు జారుతున్న రోజులవి. ఆ గుబులును చిన్నారి పాఠకుల దగ్గర దాచకపోవడమే ఈ పుస్తకం బలం.

ఆడపిల్లలకు గూఢచర్యమేమిటని కొట్టిపారేయడానికి లేదు. బ్రిటన్ రహస్య సేవా విభాగం 1909లోనే మొదలైంది. నేటి బ్రిటిష్ గూఢచార సంస్థలు ఎంఐ5, ఎంఐ6 రెండూ దాన్నుంచి పుట్టినవే. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఎంఐ5 కార్యాలయంలో రహస్య కాగితాలు అందించే పని ముందుగా బాయ్ స్కౌట్లకు అప్పగించారు. వాళ్ల అల్లరి, వాగుడు భరించలేక గర్ల్ గైడ్లను పిలిపించారు. చేతిలోని కాగితం చదవబోమని మాటిచ్చి, ఆ టీనేజీ అమ్మాయిలు గది నుంచి గదికి దేశ రహస్యాలు మోశారు.