కామోద్దీపన - మెదడు పాత్ర

కామోద్దీపన అనగా లైంగిక ప్రేరణకు స్పందనగా మనస్సులోను, శరీరంలోను కలిగే మార్పుల సముదాయము. ఇది జననేంద్రియాలకు మాత్రమే సంబంధించిన చర్య అని పలువురు భావిస్తారు. వాస్తవానికి మెదడు, వెన్నుపాము, నరాలు, రక్తనాళాలు, హార్మోన్లు కలిసి నడిపే ప్రక్రియ ఇది. వీటిలో ప్రధాన నియంత్రణ మెదడుది.

మెదడులోని భాగాలు

చూపు, స్పర్శ, జ్ఞాపకం, ఊహ - వీటిలో ఏదైనా ఉద్దీపనకు నాంది కావచ్చును. ఆ ప్రేరణ ఎంత ముఖ్యమైనదో గుర్తించడంలో అమిగ్డలా అనే భాగం పాల్గొంటుంది. మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ శరీరానికి ఆజ్ఞలు పంపుతుంది. నుదుటి వెనుకనుండే భాగం సమయాసమయాలను విచారించి అదుపు చేస్తుంది. డోపమిన్ అనే రసాయనం సాధారణంగా కోరికను పెంచుతుంది, సెరొటోనిన్ తగ్గిస్తుంది. అందువలననే మానసిక కుంగుబాటుకు వాడే కొన్ని మందుల వలన కోరిక తగ్గవచ్చును.

శరీరంలో మార్పులు

మెదడు పంపిన సంకేతాలు వెన్నుపాము గుండా జననేంద్రియాలను చేరుతాయి. అక్కడి నరాల కొసల నుండి నైట్రిక్ ఆక్సైడ్ విడుదలై రక్తనాళాలు వ్యాకోచిస్తాయి. రక్తప్రసరణ వ్యవస్థలో ఈ వాయువు పాత్రను కనుగొన్నందుకు రాబర్ట్ ఫర్చ్‌గాట్, లూయీ ఇగ్నారో, ఫెరిద్ మురాద్‌లకు 1998లో నోబెల్ బహుమతి లభించింది. అదే సంవత్సరం అమెరికాలో ఆమోదం పొందిన సిల్డెనాఫిల్ (వయాగ్రా) ఈ మార్గంలోనే పనిచేస్తుంది. అది కోరికను పుట్టించదు. ఉద్దీపన కలిగినపుడు రక్తప్రసరణకు తోడ్పడుతుంది. గుండెనొప్పికి నైట్రేట్లు వాడేవారికి అది ప్రమాదకరము.

ద్వంద్వ నియంత్రణ

కిన్సీ సంస్థకు చెందిన జాన్ బాన్‌క్రాఫ్ట్, ఎరిక్ జాన్సెన్ 2000లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం ఉద్దీపనను ప్రేరేపించే వ్యవస్థ ఒకటి, నిలువరించే వ్యవస్థ మరొకటి ఉంటాయి. భయం, ఆందోళన రెండవదానిని బలపరుస్తాయి. కొందరిలో విఫలమవుతామేమోనన్న భయమే వైఫల్యానికి కారణమవుతుంది.

స్పందన - సమ్మతి

జననేంద్రియాల స్పందన మన అధీనంలో ఉండదు. ఇష్టం లేనపుడు కూడా అది కలగవచ్చును. కావున శరీర స్పందన సమ్మతికి నిదర్శనం కాదు. లైంగిక దాడికి గురైనవారు ఈ కారణంగా తమను తాము నిందించుకోనవసరం లేదు.

అపోహలు

తెలుగునాట లైంగిక సమస్యలను "నరాల బలహీనత"గా చెప్పుకొనడం పరిపాటి. ఈ భయాన్ని ఆసరాగా చేసుకొని నకిలీ వైద్యులు ధనార్జన చేస్తుంటారు. వీర్యం నష్టమైతే శరీరం క్షీణిస్తుందన్న భయంతో బాధపడే స్థితికి భారతీయ మనోవైద్యుడు ఎన్.ఎన్.విగ్ 1960లో "ధాత్ సిండ్రోమ్" అని పేరు పెట్టాడు. హస్తప్రయోగం వలన నరాలు దెబ్బతినవు. ఇటువంటి అపోహలను తొలగించడానికి విజయవాడకు చెందిన డాక్టర్ గోపరాజు సమరం తెలుగులో అనేక రచనలు చేశాడు.

నరాలకు నిజంగా హాని చేసేవాటిలో మధుమేహం, వెన్నుపాము గాయాలు ముఖ్యమైనవి. అంగస్తంభన లోపం ఒక్కొక్కసారి గుండెజబ్బుకు ముందస్తు సూచన కూడా కావచ్చును. కనుక సమస్య కొనసాగితే సిగ్గుపడక, అర్హత గల వైద్యుని సంప్రదించి రక్తంలో చక్కెర, రక్తపోటు పరీక్షింపజేసుకొనడం మంచిది.