ఉపాధ్యాయులు పెరిగారు, బడిలో ఒక్కరే మిగిలారు

భారతదేశంలో ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులు 1950-51లో సుమారు 5.4 లక్షల మంది ఉండగా, 2000-01 నాటికి దాదాపు 19 లక్షలకు చేరారు. అర్ధశతాబ్దిలో మూడున్నర రెట్ల ఈ పెరుగుదల చిన్నదేమీ కాదు గాని, అదే కాలంలో ఒకటి నుంచి ఐదో తరగతి వరకు చదివే పిల్లలు 1.92 కోట్ల నుంచి 11 కోట్లు దాటి దాదాపు ఆరు రెట్లయ్యారు. వారిలో కొందరికి ప్రాథమికోన్నత పాఠశాలల ఉపాధ్యాయులే చదువు చెప్పినా, ఉపాధ్యాయ-విద్యార్థి నిష్పత్తి, అంటే ఒక్కో ఉపాధ్యాయుడి వాటాకు వచ్చే పిల్లల సగటు, 1990ల నాటికి నలభై దాటింది. రాష్ట్రాల విద్యా వ్యయంలో సింహభాగం జీతాలకే పోతుండడం వల్ల, బడులు తెరిచినంత వేగంగా ప్రభుత్వాలు పోస్టులు మంజూరు చేయలేదు.

1986 జాతీయ విద్యా విధానాన్ని అనుసరించి మొదలైన ‘ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్’ పథకం ప్రతి ప్రాథమిక పాఠశాలకూ కనీసం ఇద్దరు ఉపాధ్యాయులుండాలనీ, వీలైతే వారిలో ఒకరు మహిళ కావాలనీ నిర్దేశించింది. 1950ల ఆరంభంలో ప్రాథమిక ఉపాధ్యాయులలో మహిళలు ఆరింట ఒక వంతుకు మించని దేశంలో, నేడు పాఠశాల విద్య అన్ని స్థాయిలలో కలిపి వారు సగానికి పైగా ఉన్నారు. ఈ మార్పుకు దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదు.

పూర్తి జీతపు పోస్టులకు బదులు స్వల్ప గౌరవ వేతనంపై నియామకాలు జరిపే పద్ధతి కూడా 1980, 1990 దశకాలలో బలపడింది. రాజస్థాన్‌లో శిక్షాకర్మీలు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 398 రూపాయలపై పనిచేసిన స్పెషల్ టీచర్లు, తరువాత వచ్చిన విద్యా వాలంటీర్లు, ఉత్తరప్రదేశ్ శిక్షామిత్రలు ఈ కోవకు చెందినవారే. పట్టికలలో ఉపాధ్యాయుల సంఖ్యను పెంచిన ఈ ఏర్పాటు, ఒకే పని చేసేవారి మధ్య జీతంలోనూ భద్రతలోనూ పెద్ద అంతరాన్ని సృష్టించింది.

2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఉపాధ్యాయుల లెక్కను జిల్లా సగటుతో గాక బడివారీగా చూడాలని కోరింది. పిల్లలు అరవై మంది వరకు ఉన్న ప్రాథమిక బడికి ఇద్దరు, తొంభై వరకు ముగ్గురు ఉండాలన్నది ఆ ప్రమాణం. 2024-25 గణాంకాల ప్రకారం ప్రభుత్వ, ప్రైవేటు పాఠశాలలలో అన్ని స్థాయిల ఉపాధ్యాయులు కలిపి కోటి దాటారు. మూడు నుంచి ఐదు తరగతుల దశలో ఒక్కొక్కరికి సగటున 13 మంది పిల్లలే ఉన్నారు. అయినా అదే ఏడాది దేశంలో 1.04 లక్షల ఏకోపాధ్యాయ పాఠశాలలు మిగిలాయి. వాటిలో 33 లక్షల మందికి పైగా చదువుతున్నారు. ఇలాంటి బడులు అన్నిటికంటే ఎక్కువగా, 12,912, ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లోనే కాగా, ఒక్క విద్యార్థీ చేరని బడులు రెండు వేలకు పైగా తెలంగాణలో ఉన్నాయి.

జననాల రేటు తగ్గడం, తల్లిదండ్రులు ప్రైవేటు బడులవైపు మొగ్గడం వల్ల ఊరి బడిలో పిల్లలు పలచబడితే, హేతుబద్ధీకరణ పేరుతో, అంటే పిల్లల సంఖ్యను బట్టి పోస్టులను సర్దే ప్రక్రియలో, రెండో ఉపాధ్యాయుడు మరో చోటికి వెళ్తాడు. ఇరవై మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడంటే నిష్పత్తి చూడముచ్చటగానే ఉంటుంది. కాని ఆ ఇరవై మందీ ఐదు తరగతులకు చెందినప్పుడు ఆ ఒక్కరూ ఒకే గదిలో ఐదు పాఠ్యప్రణాళికలు నడపవలసి వస్తుంది, సెలవు పెడితే బడే మూతపడుతుంది. అందుచేత చిన్న బడులకు పిల్లల తలలకంటే తరగతులను లెక్కించడమే సరైన కొలమానం. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో వచ్చిన 117వ నంబరు ఉత్తర్వు మూడు, నాలుగు, ఐదు తరగతులను సమీప ఉన్నత పాఠశాలలకు తరలించగా, 2025లో దానిని ఉపసంహరించి, తరగతికొక ఉపాధ్యాయుడుండే ఆదర్శ ప్రాథమిక పాఠశాలల ఏర్పాటుకు పూనుకున్నారు. అయితే ఆ ఏర్పాటు తగినంత మంది పిల్లలున్న ఊళ్లకే పరిమితం.