ఒక్క తల్లి చాలదా?

కొల్లేటి ప్రాంతపు చేపల చెరువులను చూపుటకై మేము విద్యార్థులను తోడ్కొనిపోయినప్పుడు, ఒక రైతు కుమారుడు గట్టుమీద నిలిచి మమ్ము నిట్లడిగెను: “మాస్టరుగారూ, శీలావతి చేప తన బరువు కిలో ఒక్కింటికి 2 లక్షలకు పైగా గ్రుడ్లు పెట్టునని చెప్పితిరి గదా. అట్లయిన మిక్కిలి పెద్దదియగు తల్లి నొక్కదానిని, తండ్రి నొక్కదానిని ఉంచుకొనిన చాలదా? తక్కినవానికి మేత దండుగ గాదా?” ప్రశ్న చక్కనిది. దానికి బదులు చెప్పుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

రోహు అని పిలువబడు శీలావతి నిలుకడ నీటిలో గ్రుడ్లు పెట్టదు. అందుచే పూర్వము వరదకాలమున నదులనుండియే పిల్లలను పట్టి తెచ్చి చెరువులలో వదలుచుండిరి. 1957వ సంవత్సరమున ఒడిషాలో డాక్టరు హీరాలాల్ చౌధురిగారు చేపల పీయూషగ్రంథి రసమును సూదిమూలముగా ఎక్కించి, కార్పు జాతి చేపలచే గ్రుడ్లు పెట్టించుటలో జయము పొందిరి. అప్పటినుండి పిల్లల నుత్పత్తిచేయు హేచరీలు వెలసినవి. లాభము గొప్పదే, కాని దానితోపాటు ఒక అపాయమును ప్రవేశించినది. నదిలో వేలకొలది తల్లిదండ్రులు కలిసి కనిన సంతానమునకు బదులు, కొలది జంటల సంతానమే ఊళ్లకు ఊళ్లు నిండజొచ్చెను.

మంచిదానిని ఏర్చి సంతతి నిలుపుట మానవులకు క్రొత్త విద్య గాదు. యాకోబు తన మామయైన లాబాను మందలను మేపునప్పుడు బలమైన గొఱ్ఱెలను బలహీనమైనవానినుండి వేరుపరచిన వృత్తాంతమును ఆదికాండమున మనము చదివియున్నాము. చేపలయందు ఈ పని శాస్త్రీయముగా జరిగినది మాత్రము ఇటీవలనే. నార్వే దేశీయులు 1970 తరువాత సాల్మను చేపలయందు దీనిని సాగించిరి. వారి సహకారముతో 1992లో భువనేశ్వరమునకు సమీపమున కౌసల్యాగంగయందలి కేంద్రీయ మంచినీటి జలచర సంవర్ధన సంస్థవారు రోహుయందు ప్రారంభించిరి.

వారు చేసిన మొదటి పని యేమి? పెద్ద చేప నొకదానిని వెదకుట కాదు. గంగ, యమున, గోమతి, సట్లెజ్, బ్రహ్మపుత్ర యను అయిదు నదుల రోహులను తెప్పించి తమ క్షేత్రపు చేపలతో జతపరచుట. ప్రతి కుటుంబపు పిల్లలను మొదట వేఱువేఱుగా పెంచి, తగినంత యెదిగిన పిమ్మట, గుర్తుపట్టుటకు వాని దేహములలో బియ్యపుగింజంత చీటీ నొకదానిని అమర్చి, అన్నిటిని ఒకే చెరువున కలిపి పెంచిరి. మేతయు నీరును సమానమైనప్పుడు కనబడు భేదము వంశమునుండి వచ్చినదని తెలియును గదా! అందు శ్రేష్ఠమైనవానిని, పలు కుటుంబములనుండి, ఏరి, అన్నకు చెల్లెలిని జతపరుపక తరువాతి తరమును పుట్టించిరి. తరమునకు నూటికి సుమారు 17 వంతుల చొప్పున ఎదుగుదల హెచ్చినది. స్వాతంత్ర్య స్వర్ణోత్సవ సంవత్సరమగు 1997లో దానికి ‘జయంతి’ యని పేరిడిరి.

ఇక బాలుని ప్రశ్నకు వత్తము. ఒక్క జంట సంతానమంతయు తోబుట్టువులే. వానిని మరల జతపరచిన, పుట్టు పిల్లలో ఒకే పూర్వికునినుండి రెండు వైపులను వచ్చిన లక్షణములు నాలుగవ వంతు వరకు ఉండును. చాటుననున్న దోషములు అప్పుడు బయటపడును: ఎదుగుదల మందగించును, వంకరవెన్ను గల పిల్లలు పుట్టును, రోగమునకు తాళుశక్తి తగ్గును.

సంఖ్య ఎక్కువైనంతమాత్రమున భద్రమనియు అనుకొనరాదు. మగ, ఆడ చేపల సంఖ్యలను గుణించి, 4చే హెచ్చించి, మొత్తము సంఖ్యచే భాగించిన నిజమైన బలము తెలియును. 90 ఆడవానికి 10 మగవి యున్నచో ఆ నూరును 36కు సమానము. 99 ఆడవానికి ఒక్క మగదే యున్నచో సుమారు 4కు మాత్రమే సమానము! లెక్కల తరగతి విద్యార్థులు దీనిని స్వయముగా వేసి చూతురుగాక.

మఱియొక పొరపాటు కలదు. పెద్ద చేపలను సంతకు పంపి, అమ్ముడుపోని చిన్నవానిని తల్లులుగా నుంచుకొనువాడు తెలియకయే ఎదుగని చేపలను ఏరుచున్నాడు. వాడు యాకోబు చేసినదానికి విరుద్ధమును చేయుచున్నాడు.

కావున తల్లిదండ్రులారా, పిల్లలను కొనునప్పుడు ధరతోపాటు, తల్లిచేపలు ఎన్ని, ఎచ్చటివి, ఎప్పుడు మార్చిరి అని కూడ అడుగుడు. విద్యార్థులారా, నదులను పాడుచేయకుడు. జయంతికి బీజమిచ్చినవి నదులే. రేపు క్రొత్త రోగము వచ్చినచో దాని నెదుర్కొను గుణము ఏ నదిలోని ఏ సామాన్యపు చేపయందు దాగియున్నదో మన మెఱుగము. సృష్టికర్త నానావిధములుగా కలుగజేసినదానిని మనము ఒక్కవిధముగా కుదించినచో, అవసరమువచ్చిన దినమున ఏరుకొనుటకు ఏమియు మిగులదు. ఒక్క తల్లి చెరువును నింపవచ్చును, వంశమును నిలుపజాలదు.