బెజవాడ పంపిన ఇంజనీరు

తొలి ఎన్నికల్లో బెజవాడ ఓటర్ల ఎంపికే వేరు. 1952లో స్వతంత్రుడిగా నిలబడ్డ కవి హరీంద్రనాథ్ చటోపాధ్యాయను గెలిపించి లోక్‌సభకు పంపారు. 1957లో డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబను పంపారు. 1962లో ఇంజనీరు వంతు వచ్చింది. కంకిపాడులో పుట్టిన కానూరి లక్ష్మణరావుకు, అదే మన కె.ఎల్.రావుకు, అప్పటికే అరవై దగ్గరపడ్డాయి.

బడిలో ఆడుకుంటుండగా ఒక కన్ను పోయింది. మిగిలిన కంటితోనే గిండీలో ఇంజనీరింగ్ చదివారు, రంగూన్‌లో పాఠాలు చెప్పారు, బర్మింగ్‌హామ్‌లో డాక్టరేట్ చేశారు. తిరిగొచ్చాక ఢిల్లీలో కేంద్ర జల, విద్యుత్ కమిషన్‌లో డిజైన్లు గీశారు. నాగార్జునసాగర్ రాతి ఆనకట్ట రూపకల్పనలో ఆయనది పెద్ద చెయ్యి.

1963 జూలైలో నెహ్రూ ఆయన్ని మంత్రివర్గంలోకి తీసుకున్నారు. నెహ్రూ, శాస్త్రి, ఇందిర... ప్రధానులు మారినా రావుగారికి మాత్రం నీళ్లూ, కరెంటే పని. 1967లోనూ, 1971లోనూ బెజవాడ మళ్లీ ఆయన్నే గెలిపించింది. శాఖ మారితే పదోన్నతి అని సంబరపడే మంత్రులున్న దేశంలో, 1973 దాకా ఒకే పనిలో ఉండిపోవడం నా దృష్టిలో చిన్న సంగతి కాదు. ఆత్మకథకు కూడా ‘ది క్యూసెక్స్ కాండిడేట్’ అనే పేరు పెట్టుకున్నారు. కులం లెక్కలతో, సారా లెక్కలతో ఓట్లడిగే వాళ్ల మధ్య క్యూసెక్కుల లెక్క చెప్పిన అభ్యర్థి!

ఆయన పేరు చెప్పగానే గుర్తొచ్చేది 1972 నాటి గంగా-కావేరీ అనుసంధానం. పట్నా దగ్గర వరద నీటిని తోడి 2,640 కిలోమీటర్లు దక్షిణానికి నడిపించాలన్న పథకం. అందులో చాలా నీటిని 549 మీటర్ల ఎత్తుకు పంపులతో ఎక్కించాలి. దానికి కావాల్సిన కరెంటు వేల మెగావాట్లు. అప్పటి దేశానికి అంత స్తోమతెక్కడిది? కేంద్ర జల సంఘం పెదవి విరిచింది. కాగితం మీద పథకం గట్టిదే, జేబుకు అందనిది. విద్యుత్ శాఖ చూసిన మనిషికి ఆ సంగతి ముందే తట్టలేదా అని నాకిప్పటికీ అనుమానమే.

అయితే నదుల కలయిక ఆయన సొంత నియోజకవర్గంలోనే మరో రూపంలో జరిగింది. అది చూడకుండానే ఆయన 1986లో కన్నుమూశారు. 2015లో పట్టిసీమ దగ్గర తోడిన గోదావరి నీళ్లు పోలవరం కుడి కాలువలో వచ్చి, బుడమేరు వాగు మళ్లింపు కాలువ పట్టుకుని, కొండపల్లి పక్కనుంచి ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిశాయి. ఎగువన పులిచింతల ప్రాజెక్టుకు కె.ఎల్.రావు సాగర్ అనే పేరు పెట్టారు. 2021 ఆగస్టులో దాని గేటొకటి వరదకు కొట్టుకుపోయింది.

2024 సెప్టెంబరులో ఆ మళ్లింపు కాలువకే కొండపల్లి దగ్గర్లో గండ్లు పడ్డాయి. సైన్యం కూడా దిగి, ఇనుప వలల బుట్టల్లో రాళ్లు నింపి పూడ్చడంలో పాలుపంచుకుంది. ఈలోగా బెజవాడ సింగ్‌నగర్ వాసులు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నారు. ఢిల్లీలో బెజవాడ గొంతు వినిపించాల్సిన వాళ్లు ఇప్పుడు చెప్పాల్సిన లెక్క ఇదే: బుడమేరుకు ఎన్ని క్యూసెక్కులు వస్తాయి, ఎన్ని పట్టే కాలువ తవ్విస్తారు, ఎప్పటికి?